నాలుగో ప్రశ్నకు జవాబు

ఎగుమతి బట్టల ఫ్యాక్టరీలో పదమూడేళ్ళు వెల్ఫేర్ ఆఫీసరుగా పనిచేసి రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను. మా దగ్గర మిషను మీద కుట్టే నాగమణి అనే ఆవిడ చనిపోయి తొమ్మిదేళ్ళయింది. ఆమె చివరి మాట విన్నది నేనూ, ఒక డాక్టరూ. "అమ్మ ఆఖరికి ఏమందండీ?" అని అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు నన్ను అడిగింది. "నీ పేరే తలుచుకుందమ్మా" అని చెప్పాను. నాగమణి ఆ పేరు అనలేదు.

ఆ కూతురు ప్రసన్న చదువు ముగించుకుని, వచ్చే సోమవారం వేరే ఊళ్ళో వేరే బట్టల ఫ్యాక్టరీలో చేరుతోంది. నేను చేసిన ఉద్యోగమే. కిందటి ఆదివారం సలహా కోసం మా ఇంటికొచ్చింది. అప్పటి అబద్ధాన్ని అలాగే ఉంచి ఆ పిల్లను ఆ పనిలోకి పంపగలనా అన్నది ఆ రోజు నా ముందున్న ప్రశ్న. ఈ పనిలోకి వస్తున్న మిగతావాళ్ళకు కూడా పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సూదుల రిజిస్టరు

రామచంద్రపురం వైపు వెళ్ళే రోడ్డులో, కాలవ పక్కన, పాత రైసుమిల్లు గోడౌన్లు ఉన్న చోట మా ఫ్యాక్టరీ. విదేశాలకు పంపే చిన్నపిల్లల బట్టలు కుట్టేవాళ్ళం. పొద్దున్నే బస్సులు ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళను ఎక్కించుకొచ్చేవి. లైనుకు ముప్పై మిషన్లు. ఒకామె కాలరు కుడితే పక్కామె జేబు కుడుతుంది, ఆ పక్కామె చేతులు అతుకుతుంది. ఎన్నేళ్ళు పనిచేసినా ఒక్క చొక్కా మొదటినుంచి చివరిదాకా కుట్టనివాళ్ళు అక్కడ చాలామంది.

చేరిన రోజు నాకు మొదట చూపించింది సూదుల రిజిస్టరు. మిషను సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, ఆ పుస్తకంలో టేపుతో అతికించాలి. ఎవరి మిషను, ఎన్ని గంటలకు విరిగింది, అన్నీ రాయాలి. ఒక్క ముక్క దొరక్కపోయినా లైను ఆపేస్తారు. ఎక్కడో ఒక పసిబిడ్డకు గుచ్చుకోకూడదని ఆ జాగ్రత్త. అది న్యాయమే. పేజీలు తిప్పుతూ కాసేపు కూర్చున్నాను. ప్రతి సూదినీ విరిగిన చోట మళ్ళీ కలిపి పెట్టారు.

మనుషులకు కూడా ఒక పుస్తకం ఉంది, నర్సు గదిలో. "నడుం నొప్పి, మాత్ర ఇచ్చాం" అని రాసేవాళ్ళు. దాని కోసం లైను ఆపడం నేను చూడలేదు.

పెన్సిలు

ఫ్యాక్టరీకి రాకముందు నేను ప్రైవేటు స్కూల్లో టీచరుని. మా లూథరన్ చర్చిలో సండేస్కూలు కూడా నేనే చెప్పేదాన్ని. ఆ సంగతి మా జనరల్ మేనేజరుగారికి ఎలాగో తెలిసింది. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టి టీ తెప్పించారు.

"మేడమ్, చర్చిలో పిల్లలకి ప్రశ్నలూ జవాబులూ కంఠస్థం చేయిస్తారట కదా మీరు?"

"అవునండి."

"మనవాళ్ళకి కూడా కొంచెం నేర్పాలండి. పనివాళ్ళని ఎలా చూసుకుంటున్నామో తనిఖీ చెయ్యడానికి మన బట్టలు కొనే కంపెనీలు మనుషుల్ని పంపుతాయి కదా. ఆడిట్‌కి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి అడుగుతారు. వీళ్ళేమో బెదిరిపోయి ఏదేదో చెప్పేస్తున్నారు."

"ఉన్నదే చెబుతారు కదండీ."

"ఉన్నదే చెప్పమనండి. అబద్ధం నేర్పమనడం లేదు మేడమ్. తడబడకుండా చెప్పడం నేర్పమంటున్నాను."

ఆయన ఎప్పుడూ గొంతు పెంచి ఎరగరు. సూపర్‌వైజర్లలో తిట్టేవాళ్ళు ఉండేవారు. తిట్టేవాడి మీద ఫిర్యాదు రాయవచ్చు. టీ తెప్పించి నెమ్మదిగా మాట్లాడేవాళ్ళ దగ్గరే మీరు జాగ్రత్తగా ఉండాలి.

కంపెనీ ఇచ్చిన ప్రశ్నలు పదకొండు. జవాబులు తెలుగులో నేను రాశాను. నాలుగో ప్రశ్న నీళ్ళ గురించి, టాయిలెట్ గురించి. దానికి నేను రాసిన జవాబు ఇది: "మంచినీళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు తాగవచ్చండి. అవసరమైతే ఎవరినీ అడగకుండా వెళ్ళి రావచ్చండి. మాకు ఏ లోటూ లేదండి." చివరి వాక్యం కంపెనీ వాళ్ళు అడగలేదు. ముగింపు బాగుంటుందని నేనే కలిపాను.

నీళ్ళ సంగతి నిజమేననుకున్నాను. ప్రతి లైను చివరా ఒక నీళ్ళ డ్రమ్ము ఉండేది. రోజూ సాయంత్రం తిరిగి చూసేదాన్ని. నిండుగా ఉండేది. "నీరు సమృద్ధిగా ఉంది" అని సంతకం పెట్టేదాన్ని. ఆ డ్రమ్ము ఎందుకు నిండుగా ఉంటోందో ఏడాదిదాకా నాకు తోచలేదు. సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకు రెండు కార్డులు వేలాడేవి. ముప్పైమందికీ రెండే. కార్డు తీసుకున్నవాళ్ళే టాయిలెట్‌కి వెళ్ళాలి. అది తిరిగొచ్చేదాకా మిగతావాళ్ళు ఆగాలి. గంటకు ఎన్ని పీసులయ్యాయో బోర్డు మీద రాస్తారు. లెక్క తగ్గితే ఆ గంటలో కార్డు తీసినవాళ్ళ పేర్లు పైకి చదువుతారు. అందుకని ఆడవాళ్ళు నీళ్ళు తాగడమే మానేశారు. బస్సెక్కే ముందు ఒక గ్లాసు, మళ్ళీ ఇంటికెళ్ళాకే.

ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. సాయంత్రం డ్రమ్ము నిండుగా కనిపిస్తే సంతోషపడకండి. భయపడండి.

తెలిశాక నేను జి.ఎం.గారితో ఒకసారి చెప్పాను. "చూద్దాం మేడమ్" అన్నారు. రెండోసారి చెప్పలేదు. నేర్పడం మాత్రం ఆపలేదు.

భోజనాలయ్యాక క్యాంటీన్లో, లైను మొత్తాన్ని కూర్చోబెట్టి నేర్పేదాన్ని. పద్ధతి సండేస్కూలుదే. ప్రశ్నల వరస మారకూడదు, మాట మారకూడదు. పిల్లలు తొందరపడి జవాబు మీద పడిపోకుండా, ప్రశ్న అడిగాక పెన్సిలుతో బల్ల మీద రెండుసార్లు కొట్టేదాన్ని. రెండో దెబ్బ తర్వాత చెప్పాలి. పెద్దవాళ్ళు పిల్లలకన్నా త్వరగా పట్టుకున్నారు.

పలకల గోడ

ఆడిట్ రోజు పొద్దున కార్డులు తీసి సొరుగులో వేశారు. మేకు అలాగే ఉంది. "ఇవాళ మామూలుగా వెళ్ళి రండి" అని ఆడవాళ్ళకు చెప్పారు. వెళ్ళారు. బల్ల దగ్గరికి రాగానే ఒక్కొక్కరి చెయ్యీ మేకుదాకా లేచి, ఏమీ లేదని గుర్తొచ్చి దిగింది. నేను నిలబడి చూస్తుండగానే ఏడుగురివి అలా లేచి దిగాయి.

ప్రశ్నలడిగే గదికీ నా గదికీ మధ్య ప్లైవుడ్ పలక ఒక్కటే అడ్డం. ఆడిట్‌కి వచ్చినావిడ చెన్నై నుంచి, తెలుగు బాగా వచ్చు. మొదటి ఆమె లోపలికెళ్ళింది, జవాబులు చెప్పి వచ్చింది. రెండో ఆమె. మూడో ఆమె. మాటలు ఒకటేనని నాకు తెలుసు, నేను రాసినవే. నాకు తెలియనిది వేరే ఉంది. లోపల పెన్సిలు లేదు. అయినా ప్రతి ప్రశ్న తర్వాత గదిలో నిశ్శబ్దం. రెండు దెబ్బలకు పట్టేంత. ఆ తర్వాత జవాబు. నేను ఎక్కడ గొంతు ఎత్తుతానో అక్కడ ఎత్తారు. "అండి" దగ్గర నేను దించినట్టే దించారు. తొమ్మిదో ఆమెకు జలుబు, గొంతు పట్టేసింది. ఆ గొంతులోనూ నేనే వినపడ్డాను. ఒక దశలో నా నోరు మూసే ఉందా అని చేత్తో తడిమి చూసుకున్నాను.

ఆవిడ బయటికొచ్చి, "మీవాళ్ళు చాలా స్పష్టంగా మాట్లాడతారండి" అన్నారు. అని నా వైపు ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువసేపు చూశారు. ఆడిట్ పాసయ్యాం.

నాగమణి

నేర్చుకోనిది ఒక్క నాగమణే. కాలర్లు కుట్టేది. భర్త లేడు. తల్లీ, కూతురూ, తనూ.

"నాలుగోది. నాగమణీ, నువ్వు చెప్పు."

"మంచినీళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు తాగొచ్చండి. ఎల్లడానికే ముహూర్తం పెట్టించుకోవాలండి."

క్యాంటీనంతా నవ్వు.

"ఇది నవ్వులాట కాదు నాగమణీ."

"ఆయ్, నేనెక్కడ నవ్వానండి టీచరుగారూ. నవ్వూ ఆపుకుంటన్నాను, అదీ ఆపుకుంటన్నానండి."

"ఒసే, నోర్ముయ్యవే," అంది పక్కన కూర్చున్నామె. "నీ మూలాన మమ్మల్ని కూడా కూకోబెడతారు."

ఆమె చెప్పిందే సరైన జవాబు. అది నాకు అప్పుడే తెలుసు. అయినా పదిరోజులు మధ్యాహ్నం ఆమెనొక్కదాన్నే కూర్చోబెట్టాను. మిగతావాళ్ళు మిషన్ల కింద పాత గుడ్డలు పరుచుకుని నడుం వాల్చే వేళ అది. నేను ప్రశ్న చదవడం, పెన్సిలు కొట్టడం, ఆమె చెప్పడం. "ఎల్లి" అంటే "వెళ్ళి" అని దిద్దాను. పదో రోజు ఒక్క అక్షరం తప్పకుండా చెప్పింది. "బాగుంది" అన్నాను.

"ఇంక నిద్రలో లేపి అడిగినా చెప్తానండి," అంది. ఆ రోజు ఆమె నవ్వలేదు.

ఎండాకాలం

ఆ వేసవి రోహిణి కార్తెలో రేకుల కింద నిలబడటమే కష్టంగా ఉండేది. నర్సు పుస్తకంలో నాగమణి పేరు మూడుసార్లు చూశాను. నడుం నొప్పి, మాత్ర. నడుం నొప్పి, మాత్ర. నడుం నొప్పి, చలి, మాత్ర. చూసి పేజీ తిప్పాను.

ఒకనాడు మధ్యాహ్నం మిషను మీదే ఒరిగిపోయింది. తల బల్ల మీద ఉంది, కాలు పెడల్ మీద ఉంది. మోటారు ఆగలేదు. కింద గుడ్డ అయిపోయినా సూది దిగుతూ లేస్తూనే ఉంది. వెనక మిషనామె లేచి స్విచ్చి తీసేదాకా అది అలా కుడుతూనే ఉంది. నాగమణిని పక్కకు తీశారు. ఆమె ముందున్న కాలర్లు పక్క మిషనుకు వెళ్ళాయి. సూది విరగలేదు. అందుకని లైను ఆపాల్సిన పని పడలేదు.

కంపెనీ జీపులో నేనే ఊళ్ళోని నర్సింగ్ హోముకు తీసుకెళ్ళాను. ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. డాక్టరు కుర్రవాడు, ఓపికగా అడిగాడు.

"ఎన్నాళ్ళనుంచమ్మా జ్వరం?"

కళ్ళు మూతలు పడుతున్నాయి.

"మూత్రానికి వెళ్తే మంటగానీ నొప్పిగానీ ఉందా అమ్మా? నీళ్ళు తాగుతున్నావా సరిగ్గా?"

నిశ్శబ్దం. అది ఎంతసేపు ఉంటుందో నాకు తెలిసిపోయింది. పళ్ళు కొట్టుకోవడం ఆగింది. కళ్ళు తెరవకుండా చెప్పింది:

"మంచినీళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు తాగవచ్చండి. అవసరమైతే ఎవరినీ అడగకుండా వెళ్ళి రావచ్చండి. మాకు ఏ లోటూ లేదండి."

ఒక్క అక్షరం తప్పలేదు. డాక్టరు నా వైపు తిరిగాడు.

"అంతేనాండీ?"

మూడుసార్లు నడుం నొప్పి నాకు తెలుసు. కార్డులు తెలుసు. డ్రమ్ము తెలుసు. గదిలో కంపెనీ మనుషులెవరూ లేరు, నేను తప్ప.

"అవునండి," అన్నాను.

భయపడి అన్నానని చెబితే నాకే కాస్త గౌరవంగా ఉండేది. భయం కాదు. ఆ జవాబు విన్న ప్రతిసారీ నేను "బాగుంది" అని ముందుకు వెళ్ళేదాన్ని. ఆ రోజూ అలాగే వెళ్ళాను.

వేసవి జ్వరమనుకుని సెలైన్ పెట్టి, రక్తం పరీక్షకు పంపారు. నాగమణి మళ్ళీ మాట్లాడలేదు. సాయంత్రానికి స్పృహ తప్పింది. మర్నాడు కాకినాడలో పెద్దాసుపత్రి వాళ్ళు, మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షను మూత్రపిండాలు దాటి రక్తంలో కలిసిపోయిందన్నారు. ఒకరోజు ముందు తెలిసుంటే బతికేదా అని అక్కడి డాక్టరమ్మను అడిగాను. "చెప్పలేమండి" అన్నారు. ఆ మాట నిజంగా తెలియకే అన్నారో, నా ముఖం చూసి అన్నారో నాకిప్పటికీ తెలియదు. మూడో రోజు పోయింది.

వరండాలో కూతురు స్కూలు యూనిఫాంలో నిలబడి ఉంది. తల్లి చెప్పులు ఒక కవర్లో పెట్టి పట్టుకుంది. అప్పుడే అడిగింది, నేను చెప్పాను. నీ పేరే తలుచుకుందమ్మా. ఆ పిల్ల తలూపి కవరును దగ్గరికి తీసుకుంది.

తర్వాత

తర్వాతి ఆడిట్‌కి ఆ చెన్నై ఆవిడే వచ్చారు. టీ ఇస్తూ, "ప్రశ్నల వరస మార్చి అడగండి" అన్నాను. అంతే అన్నాను.

పలకకు ఇవతల కూర్చుని విన్నాను. ఆవిడ ఏడోది అడిగి, వెంటనే రెండోది అడిగారు. "మంటలు అంటుకుంటే ఎటువైపు వెళ్తావమ్మా?" నిశ్శబ్దం, రెండు దెబ్బలంత. "మా సూపర్‌వైజరుగారు మర్యాదగా మాట్లాడతారండి," అంది లోపలున్నామె. అది ఎనిమిదో జవాబు. తర్వాత వచ్చినామె కూడా అదే చెప్పింది. ఆ తర్వాతామె కూడా. ఎవరికీ తప్పు చెబుతున్నామని తెలియలేదు.

ఇవి నేర్పించిన జవాబులని ఆవిడ రిపోర్టు రాశారు. కార్డులు పోయాయి. పేర్లు చదవడం పోయింది. కొనే కంపెనీవాళ్ళు ఆర్డర్లు తగ్గించారు, ఒక లైను కొన్ని నెలలు మూసేశారు. ఆ లైనులో ఒకామె బస్సు దగ్గర నన్ను ఆపి, "నాగమణి పోయినందుకు ఏడిశాం గానండి, మా నోట్లో మట్టి కొట్టింది మీరండి" అంది. నిజం చెబితే అంతా మంచే జరుగుతుందని మీకెవరైనా అంటే నమ్మకండి. అయినా చెప్పండి. జి.ఎం.గారు నన్నొక్క మాటా అడగలేదు. ఎప్పటిలాగే టీ తెప్పించారు.

కార్డులు తీసేశాక కూడా డ్రమ్ము సాయంత్రానికి ఖాళీ కావడానికి రెండు వేసవులు పట్టింది. మేకును నేనే పీకించాను. గోడకు చిల్లు మిగిలింది. నేను రిటైరైన రోజు చివరిసారి లైన్ల వెంట నడుస్తుంటే, ఒక పాత ఆపరేటరు టాయిలెట్‌కి వెళ్తూ కనిపించింది. ఆ చిల్లు దగ్గర ఆమె చెయ్యి కొంచెం లేచి దిగింది. ఆమె పక్కనే కొత్తగా చేరిన అమ్మాయి నడుస్తోంది. కార్డు ఎలా ఉంటుందో కూడా ఎరగని పిల్ల. ఆ పిల్ల చెయ్యీ లేచింది.

ఆదివారం

చర్చిలో ఆరాధన ముగిసి నేను ఇల్లు చేరే వేళకు ప్రసన్న వచ్చింది. తల్లి పోలికే, నవ్వు మాత్రం తక్కువ. స్వీటు పెట్టె బల్ల మీద పెట్టి, ఉద్యోగం కాగితం చూపించింది.

"మీ పేరు చెప్పానండి ఇంటర్వ్యూలో. మా అమ్మ పనిచేసిన చోట టీచరుగారు ఉండేవారు, ఆవిడ్ని చూసే ఈ లైనులోకి వచ్చానని."

కాగితం మడిచి తిరిగి ఆమె చేతికిచ్చాను.

"అమ్మ ఆఖరున నా పేరే అంది కదండీ. పరీక్షలప్పుడు, హాస్టల్లో, ఎప్పుడు బెంగొచ్చినా అదే తలుచుకునేదాన్నండి." ఫోను తీసింది. "ఇదుగోండి, చేరకముందే వాట్సాప్‌లో ఒక కాగితం పంపారు. వెళ్ళగానే వర్కర్లకి నేర్పించాలట. ఎలా నేర్పాలో మీరైతే చెప్తారని..."

చదవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడో దానికే అవి నా మాటలని గుర్తుపట్టాను. అది పద్నాలుగు ప్రశ్నల కాగితం. ఎవరెవరో మళ్ళీ మళ్ళీ టైపు చేసినట్టుంది. మా దగ్గరినుంచి అక్కడిదాకా ఎవరు తీసుకెళ్ళారో, మధ్యలో ఇంకెన్ని ఫ్యాక్టరీలు తిరిగిందో తెలియదు. మారినవి మారాయి. నాలుగోది మారలేదు.

"...మాకు ఏ లోటూ లేదండి," అని ముగించి ప్రసన్న తలెత్తింది. "ఎవరు రాశారో గానీ తెలుగు బాగుందండి."

"ప్రసన్నా, నీకు అబద్ధం చెప్పానమ్మా. మీ అమ్మ నీ పేరు అనలేదు."

ఆమె కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. "మరేమందండీ?"

"నువ్విప్పుడు చదివింది."

మళ్ళీ చదువుకుంది, పైకి కాదు. పెదాలు కదిలాయి.

"అమ్మ ఇలా మాట్లాడదండి."

"లేదమ్మా. ఇవి నా మాటలు. నేనే నేర్పాను."

ఆస్పత్రి గది చెప్పాను. డాక్టరు అడిగినది చెప్పాను. నేను అన్న "అవునండి" చెప్పాను. ఆమె ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండునని చాలాసేపు ఎదురుచూశాను.

"అమ్మ ఎలా అందో ఒక్కసారి అనండి," అంది చివరికి.

"వద్దమ్మా."

"తొమ్మిదేళ్ళు నా పేరు అమ్మ గొంతులో ఊహించుకున్నానండి. అది మీరు తీసేసుకున్నారు. ఉన్నదేదో ఇవ్వండి."

ఫోను చూసి నాలుగో ప్రశ్న అడిగింది. వెంటనే చెప్పేయాలనుకున్నాను, మధ్యలో ఆ నిశ్శబ్దం లేకుండా. చేతకాలేదు. రెండు దెబ్బలంత ఆగాకే నోరు తెరుచుకుంది. మూడు వాక్యాలూ వచ్చాయి, చివరి "అండి" దించడంతో సహా. నాగమణి గొంతు తెచ్చుకోనక్కర్లేకపోయింది.

"ఇలాగేనా?"

"ఇలాగేనమ్మా."

ప్రసన్న ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. ఐదో ప్రశ్న ఆమె అడగలేదు. అడగకుండానే దాని జవాబు నా నాలుక మీదికి వచ్చి ఆగింది.